ఏ ఆట ఆడబోతున్నామో ముందే చెప్పండి: విశాఖ గేమ్ మాస్టర్లకు, నిర్వాహకులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు నడుపుతున్న గేమ్ మాస్టర్లకు, వాటికి చోటు, సమయం ఏర్పాటు చేస్తున్న నిర్వాహకులకు నమస్కారం.

ఈ ఊళ్లో ఈ ఆట బతికి ఉందంటే అది మీ చలవే. సొంత డబ్బుతో పుస్తకాలు కొన్నారు, మ్యాపులు గీశారు, సెలవు రోజులు ఇచ్చారు. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

ఆటగాళ్ల ఇబ్బందులు వాట్సాప్ గ్రూపులో చాలాసార్లు రాశాం. సెషన్ అయ్యాక పక్కకు పిలిచి నోటితోనూ చెప్పాం. ఒక దండం ఎమోజీ, లేదంటే "నెక్స్ట్ టైమ్ చూద్దాం". అంతకుమించి జవాబు రాలేదు. ఈమధ్య ఒకరు కాస్త గట్టిగా అడిగితే "నచ్చకపోతే వేరే టేబుల్ చూసుకోండి" అన్నారు. ఆ మాట తర్వాత నలుగురు ఆటగాళ్లు రావడం మానేశారు. అందుకే ఈ లేఖ అందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరి పేరూ, ఏ చోటు పేరూ రాయడం లేదు. ఒక మనిషిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పద్ధతి మారాలన్నదే నా పట్టు.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. ఒకరు మాత్రం గేమ్ మాస్టర్. ఆ లోకం ఎలా ఉంది, ఎదురుపడ్డవాళ్లు ఏమన్నారు, తలుపు వెనక ఏముంది అన్నవి ఆయనో ఆవిడో చెబుతారు. "నా పాత్ర ఇది చేస్తుంది" అని మిగతావాళ్లు చెబుతారు. ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. బోర్డు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గెలుపోటములు ఉండవు. అందరూ కలిసి ఒక కథలో బతుకుతారు. ఆ కథ ఎవరి ఇష్టప్రకారం సాగాలన్నదే ఇప్పుడు మన మధ్య వచ్చిన పేచీ.

ఇది విశాఖలో పుట్టిన పేచీ కాదు. ఈ రకం ఆటలకు ఆద్యమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చినప్పుడు అది బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధపు ఆటల్లోంచి వచ్చింది. ఆ ఆటల్లో రిఫరీ ఉండేవాడు, అతని మాటే చివరి మాట. గేమ్ మాస్టర్ చేతిలో ఇంత అధికారం ఉండటానికి మూలం అక్కడుంది. ఆట వచ్చిన ఆరేళ్లకే, 1980లో, గ్లెన్ బ్లాకో అనే ఆయన ఆటగాళ్ల అభిరుచులు నాలుగు రకాలని ఒక వ్యాసంలో విడదీసి రాశాడు: పాత్రలో లీనమయ్యేవాళ్లు, కథ కోరేవాళ్లు, బలం పెంచుకోవాలనుకునేవాళ్లు, ఎత్తుగడల పోరు ఇష్టపడేవాళ్లు. ఆ ఆటలో గేమ్ మాస్టర్ల కోసం రాసిన పుస్తకం, 2014లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్ అయితే మొదట్లోనే ఏడు రకాల ఇష్టాలు చెప్పి, మీ ఆటగాళ్లెవరో తెలుసుకోండని గేమ్ మాస్టర్‌కు చెబుతుంది. మన టేబుళ్ల మీద ఉన్న పుస్తకమే అది. కాబట్టి "నాకు ఫైట్లు తక్కువ, మాటలు ఎక్కువ కావాలి" అని ఒక ఆటగాడు అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు. ఆట రాసినవాళ్లు ఎదురుచూసిన మాటే.

ఇక్కడ జరుగుతున్నవి ఇవి.

1. ప్రకటన ఒకటి, ఆట మరొకటి. ఒక క్యాంపెయిన్‌కి (చాలా సెషన్ల పాటు సాగే కథకు) పోస్టర్ వేశారు: భీమిలి లాంటి పాత రేవు పట్నం, డచ్చివాళ్ల గోదాములు, దొంగ సరుకు, ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో తేల్చడం. చదవగానే నోరూరింది. మాలో ఒకమ్మాయి రేవులో లెక్కలు రాసే గుమాస్తా కూతురి పాత్ర తయారు చేసుకుంది. కత్తి తిప్పడం రాదు. చిట్టా చూస్తే దొంగ లెక్క ఎక్కడుందో పట్టేస్తుంది. ఆ పాత్ర కథ రెండు పేజీలు తెలుగులో రాసుకొచ్చింది.

మొదటి సెషన్‌లో గోదాము దగ్గర "గుమాస్తాతో మాట కలుపుతాను. మా నాన్న పేరు చెప్పి చిట్టా ఒకసారి చూడనిమ్మంటాను" అంది. గేమ్ మాస్టర్ పాచిక వేయమన్నారు. ఇరవై ముఖాల పాచిక మీద 19 పడింది, ఆ పైన పాత్ర నైపుణ్యం కలిసింది. బల్ల చుట్టూ అందరం కేక వేశాం. గేమ్ మాస్టర్ తన నోట్స్ వైపు చూసి "గుమాస్తాకి ఏమీ తెలియదు" అన్నారు. ఆ వెంటనే కిటికీలోంచి గాబ్లిన్లు (పొట్టి రాక్షసజీవులు) దూకాయి. మిగతా రెండు గంటలూ ఫైటే. ఆ అమ్మాయి వంతు వచ్చినప్పుడల్లా "దాక్కుంటాను" అనడం తప్ప చేయగలిగింది లేకపోయింది. తర్వాతి సెషన్లూ అంతే.

ఇందులో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఫైట్లు నడపడం గేమ్ మాస్టర్‌కు ఇష్టమైతే అందులో తప్పేమీ లేదు. అయితే పోస్టర్‌లో ఆ మాటే రాయాలి. రెండోది, జవాబు ముందే ఖాయమైపోయినప్పుడు పాచిక వేయించకూడదు. పాచిక వేయించారంటే "నీ ప్రయత్నానికి ఇక్కడ చోటుంది" అని మాటిచ్చినట్టే. 19 పడ్డాక కూడా ఏమీ మారకపోతే, ఆ ఆటగాళ్లు ఇక ఏ పాచికనూ నమ్మరు.

2. భాష. దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే గ్రూపులో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. మన పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నిజమే. స్పెల్, సేవింగ్ త్రో, హిట్ పాయింట్స్ లాంటి నియమాల మాటలు అలాగే వాడుకుంటాం, ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ కొన్ని టేబుళ్ల దగ్గర పాత్ర మాట్లాడే మాటలు కూడా ఇంగ్లీషులోనే ఉండాలంటున్నారు. అలా అయితేనే ఆ లోకంలో ఉన్నట్టు ఉంటుందట.

గాజువాక నుంచి వచ్చే ఒక పాలిటెక్నిక్ కుర్రాడు ఉన్నాడు. కోట ద్వారం దగ్గర కాపలావాణ్ణి బతిమాలే ఘట్టం వచ్చింది. వాడు అచ్చం మన ఊరి యాసలో మొదలుపెట్టాడు: "బాబ్బాబు, మా అమ్మకి ఒంట్లో బాగోలేదండి, తెల్లారేలోపు మందు పట్టుకెళ్లాలి, మీకూ ఒక అమ్మ ఉంటాది కదా..." అందరం ఆట మరిచిపోయి వింటున్నాం. అంతలో "ఇన్ ఇంగ్లీష్ ప్లీజ్" అన్నారు. వాడు ఆగిపోయాడు. కాసేపు మాటలు వెతుక్కుని, ఆఖరికి "ఐ పర్సుయేడ్ హిమ్" అని పాచిక వేశాడు. ఆ రోజంతా మళ్లీ పాత్రగా నోరు విప్పలేదు.

తెలుగు మీడియంలో చదివిన పిల్లల్ని ఈ ఆటకు దూరం చేస్తున్నది నియమాలు కావు, ఈ అలవాటే. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా దాన్ని తెలుగు చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. అంటే చట్టపరంగానూ అడ్డు లేదు, డబ్బు అడ్డూ లేదు.

3. కుర్చీలు ఎక్కువ, వంతులు తక్కువ. ఒక టేబుల్‌కి ఎనిమిది మందిని కూర్చోబెడుతున్నారు. ఎక్కువమందికి చోటిద్దామన్న మంచి ఉద్దేశమే కావచ్చు. కానీ ఫైట్ మొదలైతే ఒక్కొక్కరి వంతు రావడానికి అరగంట పడుతోంది. స్టీల్ ప్లాంట్‌లో ఏ-షిఫ్ట్ దిగి, తిండి కూడా సరిగ్గా తినకుండా, రెండు బస్సులు మారి సిరిపురం వచ్చే మనిషికి సాయంత్రమంతా కలిపి నాలుగైదు సార్లు పాచిక వేసే అవకాశం వస్తోంది. ఏడున్నరకు అయిపోతుందన్న ఆట తొమ్మిదైనా ముగియదు. పెందుర్తి, మధురవాడ వెళ్లాల్సిన ఆడపిల్లలు మధ్యలో లేచిపోవాల్సి వస్తోంది. లేచిపోతే వాళ్ల పాత్రను గేమ్ మాస్టర్ నడిపిస్తున్నారు. ఒకసారి అలా నడిపించి చంపేశారు కూడా.

4. చెప్పకుండా తెచ్చే భయానక విషయాలు. భయం పుట్టించే కథ వేరు, మనిషి సొంత గాయాన్ని కెలకడం వేరు. ఒక వన్‌షాట్‌లో (ఒక్క సెషన్‌లోనే ముగిసే కథలో) స్త్రీ పాత్రను ఎత్తుకుపోవడం, ఆ తర్వాతి హింస అంతా వర్ణించారు. బల్ల దగ్గర ఉన్న ఇద్దరు బిగుసుకుపోయారు. "ఇది వదిలేద్దామా" అని అడిగితే "కథకి అవసరం" అన్నారు. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. జాన్ స్టావ్రోపోలస్ తయారు చేసిన ఎక్స్-కార్డ్ పద్ధతిలో, ఎక్స్ అని రాసిన ఒక కార్డు బల్ల మధ్యలో ఉంటుంది. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ విషయం అక్కడితో ఆపేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. ఒక విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో గీస్తే చాలు.

5. నా పాత్ర నా చేతుల్లో ఉండటం లేదు. "నువ్వు భయపడి పారిపోయావు", "నీకు ఆ రాజు మీద గౌరవం కలిగింది" అని గేమ్ మాస్టర్ చెప్పేస్తున్నారు. మంత్రం వల్లో, నియమం వల్లో అలా జరిగితే సరే. లేనప్పుడు నా పాత్ర మనసులో ఏముందో చెప్పాల్సింది నేను. లోకం మీది, అందులోని రాజులు, రాక్షసులు, వాన, వరద మీవి. నాకంటూ ఉన్నది ఆ ఒక్క పాత్ర మనసే.

ఇప్పుడు రెండో వైపు. నేను కూడా అప్పుడప్పుడు గేమ్ మాస్టర్‌గా కూర్చుంటాను కాబట్టి ఇది రాయకపోతే అన్యాయం. మూడు గంటల ఆట వెనక ఎంత పని ఉంటుందో ఆటగాళ్లలో చాలామందికి తెలియదు. అంతా సిద్ధం చేసుకున్నాక సాయంత్రం ఐదింటికి "సారీ బ్రో, రాలేను" అని మెసేజ్ వస్తుంది. కొందరు నెలలు గడిచినా తమ క్యారెక్టర్ షీట్ (పాత్ర బలాలు, నైపుణ్యాలు రాసి ఉండే కాగితం) చదవరు. ఒకాయన ప్రతి దృశ్యంలోనూ తానే మాట్లాడతాడు. ఇంకొకరు తోటి పాత్రల జేబులు కొట్టేసి "నా క్యారెక్టర్ అలాంటిది" అంటారు. వీటన్నిటినీ భరిస్తూ, అందరినీ నవ్విస్తూ, తనకు ఇష్టం లేని ఆటను మొహమాటం కొద్దీ నడిపే గేమ్ మాస్టర్ ఆర్నెల్లలో విసిగిపోతాడు. టేబుల్ మూతపడుతుంది. అప్పుడూ నష్టపోయేది అదే గాజువాక కుర్రాడు. కాబట్టి గేమ్ మాస్టర్ తన ఇష్టాన్ని చంపుకోవాలని నేను అడగను. ఆయనా ఆడటానికే వచ్చారు.

ఇష్టాలు నిజంగా ఢీకొన్నప్పుడు చాలామంది చేసే పని, మధ్యేమార్గం అని అన్నీ కొంచెం కొంచెం కలపడం. గేమ్ మాస్టర్‌కు వణికించే కథ కావాలి, ఆటగాళ్లకు నవ్వుకునే ఆట కావాలి. రెండూ కలిపితే భయమూ పుట్టదు, నవ్వూ రాదు. పులిహోరా పెరుగన్నమూ ఒకే గిన్నెలో కలిపి వడ్డించినట్టుంటుంది. దానికంటే వంతులు వేసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. నాలుగు సెషన్లు వణికించే కథ, అది ముగిశాక నాలుగు సెషన్లు సరదా దొంగతనాల కథ. ఏది ఎప్పుడో అందరికీ ముందే తెలుసు కాబట్టి, తనకు అంతగా ఇష్టం లేని కథలో కూడా మనిషి మనసుపెట్టి ఆడతాడు. కావాలంటే గేమ్ మాస్టర్ కూడా మారొచ్చు. 1987లో వచ్చిన ఆర్స్ మాజికా అనే ఆటలో గేమ్ మాస్టర్ పని వంతులవారీగా పంచుకునే పద్ధతి ఉంది. 2009 నాటి ఫియాస్కోలో అసలు గేమ్ మాస్టరే ఉండరు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అయితే, కథ ముందే రాసుకోవద్దు, ఏం జరుగుతుందో చూడటానికే ఆడమని గేమ్ మాస్టర్‌కు నియమంగానే పెట్టింది. అధికారం పంచుకుంటే ఆట పాడవుతుందన్న భయం అక్కర్లేదని ఇవి చూపించాయి.

"వేరే టేబుల్ చూసుకోండి" అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. ఎక్కడికి వెళ్లాలి? మన ఊళ్లో నడుస్తున్న టేబుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో ఆడదామంటే గది, కంప్యూటర్, ఇంట్లో ప్రశాంతత అందరికీ ఉండవు. ఇక్కడ ఒక మనిషి టేబుల్ వదిలేశాడంటే ఆటనే వదిలేసినట్టు లెక్క.

అందుచేత మా డిమాండ్లు ఇవి. నాతో పాటు ఈ లేఖ చదివి ఒప్పుకున్న ఆటగాళ్లందరి తరఫునా రాస్తున్నాను.

1. ఆటగాళ్ల దగ్గర ఫీజు తీసుకునే ముందు, ప్రతి ఆటకూ ఒక్క పేజీ ప్రకటన ఇవ్వాలి. ఏ ఆట, ఏ నియమాలు, హౌస్ రూల్స్ (ఆ టేబుల్ సొంతంగా పెట్టుకున్న నియమాలు) ఏమిటి, ఫైట్లు ఎక్కువా మాటలు ఎక్కువా, పాత్రలు చచ్చిపోయే వీలుందా, ఎలాంటి భయానక విషయాలు రావచ్చు, ఎన్ని గంటలకు ముగుస్తుంది. గేమ్ మాస్టర్ తనకు ఏది ఇష్టమో, ఏది నడపనో కూడా అందులోనే నిర్మొహమాటంగా రాయాలి.

2. ఒకటికి మించి సెషన్లు ఉన్న ప్రతి ఆటకూ సెషన్ జీరో తప్పనిసరి చేయాలి. ఆ రోజు ఆట ఉండదు. అందరూ కూర్చుని ఏం కావాలి, ఏం వద్దు అని మాట్లాడుకుని, పాత్రలు కలిసి తయారు చేసుకుంటారు. ఆ రోజుకు ఫీజు తీసుకోకూడదు. ఇలా మాట్లాడుకున్నాక నచ్చనివాళ్లు తప్పుకుంటే కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వాలి.

3. అన్ని టేబుళ్ల దగ్గరా తెలుగులో ఆడే హక్కు ఉండాలి. ఆటగాడు తెలుగులో మాట్లాడితే ఆపకూడదు. తెలుగు రానివాళ్లు బల్ల దగ్గర ఉంటే పక్కవాళ్లు చెబుతారు, అదేమంత కష్టం కాదు. కొత్తవాళ్ల కోసం నియమాలను రెండు పేజీల్లో తెలుగు చేసి ఉంచాలి. ఆ పని చేయడానికి మాలో ముగ్గురం సిద్ధంగా ఉన్నాం.

4. టేబుల్‌కి ఐదుగురికి మించి ఆటగాళ్లు వద్దు. చెప్పిన సమయానికి ఆట ఆపాలి. మధ్యలో వెళ్లినవాళ్ల పాత్రను చంపకూడదు.

5. ప్రతి బల్ల మీదా ఎక్స్-కార్డ్ ఉండాలి. దాన్ని ముట్టుకున్నవాళ్లను ఆట అయ్యాక కూడా కారణం అడగకూడదు.

6. ఆట మధ్యలో దారి మార్చాలంటే అడిగి మార్చాలి. కథలో మలుపులు మీ ఇష్టం, వాటిని దాచుకోండి. కానీ విచారణ కథగా మొదలైంది యుద్ధపు కథ అవబోతోందంటే ఆ సంగతి దాచకూడదు.

7. ప్రతి సెషన్‌లో చివరి పది నిమిషాలు అభిప్రాయాలకు వదలాలి. గేమ్ మాస్టర్ కూడా తనకేం నచ్చలేదో చెప్పాలి. వచ్చిన ఫిర్యాదుకు నిర్వాహకులు వారం లోపు జవాబివ్వాలి. కుదరదన్నా సరే, ఆ మాటే రాయండి.

8. ఆటగాళ్లకూ కట్టుబాట్లు పెట్టండి. రాలేకపోతే ముందురోజు రాత్రికల్లా చెప్పాలి, లేకపోతే ఫీజు పోయినట్టే. తన షీట్ తాను చదువుకుని రావాలి. తోటి పాత్రకు హాని చేసే పని చేయాలంటే ముందు ఆ ఆటగాడి ఒప్పుదల తీసుకోవాలి. పద్దాక వంతు లాక్కునేవాళ్లకు చెప్పే బాధ్యత గేమ్ మాస్టర్ ఒక్కరిదే కాదు, బల్ల దగ్గరున్న అందరిదీ.

9. వసూలైన ఫీజులో గేమ్ మాస్టర్‌కు వాటా ఇవ్వాలి. ఇప్పుడు చాలాచోట్ల అంతా కుర్చీకి, కాఫీకే పోతోంది. పని చేసేవాళ్లకు ఏమీ మిగలకపోతే మనం అడిగే ఈ శ్రద్ధ ఎక్కడినుంచి వస్తుంది?

వచ్చే నెల ఆటల జాబితా పెట్టేలోపు ఈ తొమ్మిది అంశాలకూ మీ జవాబు గ్రూపులో అందరికీ కనబడేలా రాయమని కోరుతున్నాం. ఒప్పుకోలేని అంశం ఉంటే కారణం రాయండి, కూర్చుని మాట్లాడదాం. మొదటి, మూడో అంశాల మీద మాత్రం వెనక్కి తగ్గం. జవాబు రాకపోతే ఆ నెల నుంచే మేము వేరుగా ఒక తెలుగు టేబుల్ మొదలుపెడతాం. దాని ప్రకటన పేజీ ఇప్పటికే రాసి ఉంచాం. ఆటగాళ్లుగా మీరు వస్తే మీకూ అందులో కుర్చీ ఉంటుంది.

ఇట్లు,
ఒక ప్లేయర్, అప్పుడప్పుడు గేమ్ మాస్టర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం